బల్లార్షా నుంచి సిరొంచ దాకా, ఒక పాత కోత మిషన్ కోసం

కాగజ్‌నగర్ దాటాక టేకు చెట్లు రైలు పట్టాల దగ్గరికి వచ్చేస్తాయి. వీరూర్, మాణిక్‌గఢ్ అంటూ స్టేషన్ల బోర్డులు మరాఠీలోకి మారతాయి గానీ బోగీలో మాట మాత్రం తెలుగే. ఎదురు సీటులో మిర్చి ఏరి ఇంటికి తిరిగి వెళ్తున్న రాజురా ఆడవాళ్లు కూర్చున్నారు. రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే, మాట మారకపోవడంలో వింతేమీ లేదు.

నేను వెళ్తున్నది పాత చెట్టు కోత మిషన్ కోసం. చైన్ సాలు పోగేసి, విప్పి, బాగుచేసి, మళ్లీ మోగించడం నాకున్న పిచ్చి. మంచిర్యాలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా అవే. ఒక్క చెట్టు కూడా నేను కొట్టను, అయినా మా ఆవిడకు ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. బల్లార్షాలో కలప లారీ తోలే మా బావమరిది ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. దుమ్ములో పెద్ద మిషన్, పక్కన తూకం రాళ్లు. "స్టిల్ 070 అంటున్నడు బావా, వస్తవా?" అన్నాడు. ఆ నంబరు వింటే ఎలా ఆగుతాను?

ఈ మిషన్ల వంశం తెలిస్తే నా తొందర అర్థమవుతుంది. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో చేసిన మొదటి రంపం కరెంటుది, 48 కిలోలు, ఇద్దరు పట్టుకోవాలి. 1929లో పెట్రోల్‌ది వచ్చింది, అదీ 46 కిలోలు. ఒక్క మనిషి మోయగలిగేది 1950లో గానీ రాలేదు, అప్పుడు బరువు 16 కిలోలు. 1959లో గేర్లు తీసేసి గొలుసును నేరుగా ఇంజన్‌తో తిప్పే 'కాంట్రా' 12 కిలోలకు దిగింది. 070 ఆ కాంట్రా సంతానమే. దాదాపు 106 సీసీ, అంటే స్కూటర్ ఇంజన్‌ను చేతుల్లో పట్టుకొని చెట్టుకు ఆనించినట్టు.

బల్లార్షాలో దిగి ముందు అటవీ డిపో వైపు వెళ్లాం. టేకు దుంగలు లాట్లుగా పేర్చి, ప్రతి మొదలు మీద సుత్తి ముద్ర, నంబరు. అయోధ్య గుడి తలుపులకు 2023 మార్చిలో టేకు వెళ్లింది ఈ ప్రాంతం నుంచే అని డిపో బయట టీ కొట్టు దగ్గర ఎవరిని కదిలించినా చెబుతారు. చెప్పుకోదగ్గ సంగతే కదా.

తర్వాత మిషన్ ఉన్న కొట్టుకు వెళ్లి చూస్తే, ఫొటోలోనిది నకిలీ. చైనాలో 070కి అచ్చుగుద్దినట్టు కాపీలు పోస్తారు. సిలిండర్ రెక్కల అంచున పోత మిగుళ్లు అలాగే ఉన్నాయి, స్టిక్కర్ మీద కంపెనీ పేరు స్పెల్లింగే తప్పు. కొట్టతను ఏమాత్రం తగ్గకుండా "అసలుది కావాల్నంటే అల్లాపల్లి, సిరొంచ దిక్కు పొండ్రి. కూపుల పని చేసిన ముసలోళ్ల ఇండ్లల్ల ఉంటయి" అన్నాడు. కూపు అంటే కోతకు కేటాయించిన అడవి ముక్క. ఆ ఒక్క మాటకు అతనికి టీ తాగించాను.

గోండ్‌పిప్రి, ఆష్టి మీదుగా అల్లాపల్లి బస్సు ఎక్కాం. ఆష్టి దగ్గర వైన్‌గంగ దాటాక అడవి మొదలవుతుంది. అల్లాపల్లికి దగ్గర్లో కోత ముట్టని ఆరు హెక్టార్ల పాత అడవి ఉంది. దాన్ని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. బోర్డు ముందు ఫొటోలు దిగి వచ్చేవాళ్లే ఎక్కువ, లోపలికి నాలుగు అడుగులు వేస్తే గానీ ఆ టేకుల లావు తెలియదు. అక్కడ నిలబడి 070 గురించి ఆలోచించడం నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఇంకొంత దూరంలో కమలాపూర్ ఏనుగుల క్యాంపు. మహారాష్ట్రలో ఏనుగుల క్యాంపు ఇదొక్కటే. ఒకప్పుడు దుంగలు లాగిన ఏనుగుల సంతతిని ఇప్పుడు పిల్లలు చూడటానికి వస్తారు.

అల్లాపల్లి నుంచి సిరొంచ వంద కిలోమీటర్ల దారి. రోడ్డు గురించి ఏమీ రాయను, వెళ్లినవాళ్లకు తెలుసు.

సిరొంచ దాటి అంకీస వైపు ఒక ఊళ్లో దొరికాడు మిస్త్రీ కాక. వయసులో ఉన్నప్పుడు కూపుల్లో కోత మిషన్ నడిపిన మనిషి. మహారాష్ట్రలో అటవీ అభివృద్ధి సంస్థ 1974లో వచ్చాక సహజ అడవి తీసి టేకు తోటలు పెంచే పని జోరందుకుంది, ఆయన పనికెక్కింది ఆ ఊపులోనే. పశువుల కొట్టంలో అటక మీద గోనెసంచి చుట్టి పెట్టిన మిషన్ దింపించాడు. ప్లేటు మీద 'వెస్ట్ జర్మనీ' అని కనిపించగానే బావమరిది నా భుజం గిల్లాడు. 1990లో రెండు జర్మనీలూ కలిసిపోయాయి, ఆ పేరుతో ప్లేటు ఉందంటే అంతకు ముందుదే.

ముందు హ్యాండిల్‌కు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. రబ్బరు పగిలి, వేళ్లు పట్టిన చోట నున్నగా పల్లాలు పడ్డాయి.

"దీనికి అదురు ఎక్కువ బిడ్డా. అందుకే ట్యూబు చుట్టిన. అయినా ఆగలె" అంటూ ఎడమ చెయ్యి చూపించాడు. చలికాలం పొద్దున్నే ఆ చేతి వేళ్లు చివర్ల దాకా తెల్లబడి, గుండీ పెట్టుకోవడానికి కూడా పట్టు దొరకదట. ఏళ్ల తరబడి అదిరే పనిముట్టు పట్టినవాళ్లకు వేళ్లలో రక్తనాళాలు, నరాలు దెబ్బతిని వచ్చే జబ్బు ఇది. అదురు తగ్గించే హ్యాండిల్ స్టిల్ కంపెనీ 1964లోనే చేసింది, గొలుసును తక్షణం ఆపే బ్రేకు 1972లో తెచ్చింది. కాక పట్టిన 070లో ఆ రెండూ లేవు. కుడి చెవి కూడా దాదాపు పోయింది. ఏది అడిగినా తల తిప్పి ఎడమ చెవి ఇచ్చేవాడు.

సైలెన్సర్ విప్పి రంధ్రంలోంచి టార్చి కొట్టి చూశాను. పిస్టన్ మీద నిలువు గీతలు, అదీ ఎగ్జాస్ట్ వైపే. అంటే ఎక్కడో గాలి లీకై, ఇంధనం పలచబడి, వేడెక్కి పట్టేసింది. క్రాంక్ ఆయిల్ సీళ్లే అయి ఉంటాయని అనుమానం. కాకకు ఆ గీతలతో పనిలేదు. ఫ్లైవీల్ విప్పించి, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య బీడీ కట్ట కాగితం మడతపెట్టి దూర్చి, అది ఇరుక్కోకుండా జారకుండా నిలిచేలా స్క్రూ బిగించాడు. అక్కడ ఉండాల్సిన సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఇంటికి వచ్చాక సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే ఆయన లెక్క తప్పలేదు.

గొలుసు పళ్లు ఆకురాయితో తుడుస్తుంటే ఆయనకు కాక్స్ సంగతి చెప్పాను. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జో కాక్స్ అనే కట్టెల మనిషి, ఒక పురుగు పిల్ల కట్టెను కుడికీ ఎడమకీ మార్చి మార్చి కొరుకుతూ దూసుకెళ్లడం చూశాడు. ఆ దవడల తీరునే గొలుసు పళ్లలోకి తెచ్చి మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టాడు. ఇప్పటి గొలుసులన్నీ దాదాపు అదే తీరు. కాక పన్ను తిప్పి తిప్పి చూసి, "మా టేకుల్ని తొలిచిన పురుగుల్ని మందు కొట్టి చంపినం గదా" అని నవ్వాడు.

బేరం దగ్గర ఇబ్బంది రాలేదు, షరతు దగ్గర వచ్చింది. "మంచిగ రంగేపియ్యాలె. కొత్తదాని లెక్క మెరవాలె" అన్నాడు. రంగు విషయంలో నాకు గట్టి పట్టింపు. కొందరు పాత మిషన్ దొరకగానే ఇసుక కొట్టించి, రంగు పూసి, లోపల ఎండిన సీళ్లు అలాగే వదిలేసి షోకేసులో పెడతారు. అది పెళ్లికొడుకు వేషమే గానీ బాగుచేయడం కాదు. పైగా ఈ క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ అడుగు డబ్బా, మెగ్నీషియం పోత. డ్రై గ్రైండర్ పెడితే ఆ పొడి అంటుకునే ప్రమాదం ఉంది. ఇవన్నీ కాకకు చెప్పలేక "చూద్దాం కాకా" అన్నాను. కాళేశ్వరం వంతెన మీదుగా, గోనెసంచిలో మిషన్ ఒళ్లో పెట్టుకొని తిరిగొచ్చాం.

షెడ్డులో పని చాలా రోజులు సాగింది. సిలిండర్ గోడకు అంటుకున్న అల్యూమినియం తీయడానికి చాలామంది బాత్రూం యాసిడ్ వాడతారు. పాత సిలిండర్లకు క్రోమ్ పూత ఉంటుంది, యాసిడ్ దాన్నీ తినేస్తుంది. కాస్టిక్ సోడా నీళ్లు దూది పుల్లతో ఆ మచ్చ మీద మాత్రమే అద్దితే అల్యూమినియం బుసబుస పొంగి పోయింది, కింద క్రోమ్ మెరుస్తూ బయటపడింది. రింగు, సీళ్లు, కార్బురేటర్‌లో అట్టలా గట్టిపడ్డ డయాఫ్రం మార్చాను. కండెన్సర్ దొరక్క పాత లూనా మోపెడ్‌ది పెట్టాను, పనిచేసింది.

పెట్రోల్‌తోనే అసలు టెన్షన్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, పాత రబ్బరుకు అది పడదు. గీతలున్న గాజు గొట్టంలో పది పాళ్లు నీళ్లు, తొంభై పాళ్లు పెట్రోల్ పోసి కుదిపి పెడితే, ఇథనాల్ నీళ్లలోకి దిగి అడుగు మట్టం రెండింతలు దాటి లేచింది. అందుకే పని కాగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ ఎండేదాకా నడిపి ఆపుతున్నాను. పెట్రోల్‌లో టూటీ ఆయిల్ లీటరుకు నలభై మిల్లీలీటర్లు కలుపుతున్నాను.

మోగిన రోజు కాకకు వీడియో కాల్ చేశాను. ఆయన ఫోన్‌ను ఎడమ చెవికి ఆనించుకున్నాడు, తెర మీద నాకు చెవి తప్ప ఏమీ కనబడలేదు. ఫుల్ రేస్ ఇచ్చాను.

"ఖాళీగ ఉరికిస్తే ఏం తెలుస్తది? కట్టెల పెట్టు" అన్నాడు.

బావమరిది ఎండిన మామిడి మొద్దు దొర్లించుకొచ్చాడు. గొలుసు తిరిగే బార్ దిగగానే పొట్టు పాదాల మీద పడింది. కాక అరుస్తున్నాడు: "సన్నగ ఏడుస్తుంది. హై స్క్రూ ఇంకొంచెం ఇప్పు. ఇంకొంచెం. ఆఁ, ఆపు. గిప్పుడు కొయ్యి."

మొద్దు రెండు ముక్కలయ్యాక ఇంజన్ ఆపాను. అప్పుడు ఫోన్ చెవి మీద నుంచి తీసి తెర వైపు చూశాడు. చూసీ చూడగానే అడిగాడు, "ఏందయ్యా, ఇంకా రంగెయ్యలేదా?"