అన్నయ్య గుండెకు రెండు లెక్కలు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో నేను నర్సుగా చేసే క్లినిక్‌కి నలభై దాటినవాళ్లు హెల్త్ చెక్‌కి వస్తారు. బీపీ చూసి, రక్తం రిపోర్టు ముందు పెట్టుకుని క్యూరిస్క్ అనే కంప్యూటరు లెక్కలో వివరాలు నింపుతాను. రాబోయే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంత శాతమో అది చెబుతుంది. పది దాటితే డాక్టరుగారు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల సంగతి ఎత్తుతారు.

గుంటూరు వచ్చినప్పుడు అన్నయ్యకీ ఆ లెక్క కట్టాను. మిర్చియార్డులో వ్యాపారం, సిగరెట్టు అలవాటు, రోజూ బీపీ మాత్ర. బ్రాడీపేట ల్యాబ్ రిపోర్టులో కొలత యూనిట్లు వేరైనా ఇబ్బంది రాలేదు, మొత్తం కొలెస్టరాల్‌ని హెచ్‌డీఎల్‌తో, అంటే మంచి కొలెస్టరాల్‌తో భాగిస్తే చాలు. పోస్ట్‌కోడ్ గడి ఖాళీగా వదిలేశాను. భారతీయుడని ఎంచుకుని, నాన్నకి అరవై లోపే గుండెజబ్బు వచ్చిందని టిక్ పెట్టాను. అంకె ఎక్కువే వచ్చింది. ఆ రాత్రే డల్లాస్ నుంచి బాబాయి కొడుకు అమెరికా లెక్క కట్టి, తక్కువేనని మెసేజ్ పెట్టాడు.

“ఏందమ్మాయ్, ఉన్నది ఒక్క గుండె. ఏది నమ్మమంటావ్?” అన్నాడు అన్నయ్య.

ఏ లెక్కైనా కొంతమందిని ఏళ్ల తరబడి గమనించి కట్టిందే. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో మొదలైన గుండెజబ్బుల అధ్యయనంలో దాదాపు అందరూ తెల్లవాళ్లే. అమెరికాలో 2013లో వచ్చిన సూత్రాలు తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. వాటిలో మనల్ని తెల్లవాళ్ల సూత్రంతోనే కొలుస్తారు, నాన్న సంగతి అసలు అడగరు. యూరప్‌వాళ్ల 2003 ‘స్కోర్’ లెక్కైతే గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాలనే లెక్కపెట్టింది. అడిగేదే వేరైనప్పుడు జవాబులు ఎలా కలుస్తాయి? ఏ లెక్కో చెప్పకుండా ఉత్త శాతం చేతిలో పెట్టడం మాత్రం అన్యాయం.

మనవాళ్లకి మరీను. చాలా దేశాల్లో గుండెపోట్ల మీద జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియావాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల్లో దాదాపు 59కి. అమెరికా డాక్టర్ల 2018 మార్గదర్శకాలే దక్షిణాసియా మూలాన్ని ముప్పు పెంచేవాటిలో చేర్చాయి. డల్లాస్ తమ్ముడికి అదే రాశాను, తక్కువ వచ్చిందని అన్నయ్యకి ధీమా ఇవ్వొద్దని.

తర్వాత అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, సిగరెట్టు మానేసినట్టు రెండింట్లోనూ మార్చి చూపించాను. అంకెలు వేరే గానీ రెండూ దిగాయి. బీపీ తగ్గించి చూపిస్తే ఇంకా దిగాయి. కొత్తపేటలో డాక్టరుగారికి చూపించమని రెండు కాగితాలూ ఇచ్చాను, ఏది ఏ లెక్కో పైన రాసి.