జంతికలు మెత్తబడ్డాయి

"దించండ్రా, తెరచాప దించండి!" అని బాబాయ్ అరిచేసరికి మా నలుగురి చేతుల్లోనూ జంతికలే.

అప్పటిదాకా ఎండలో మెరిసిన అంతర్వేది లైట్‌హౌస్‌ని వాన రెండు నిమిషాల్లో మింగేసింది. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ గోదావరి నీళ్లు ఒకవైపు తోస్తుంటే, సముద్రప్పోటు ఎదురొస్తోంది. పడవ ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

తెరచాప పాత ఫ్లెక్సీలతో కుట్టింది. దించగానే ఎవరో నాయకుడు తలకిందులుగా నమస్కారం పెడుతూ మా ఒళ్లో పడ్డాడు. అంత టెన్షన్‌లోనూ నవ్వాగలేదు. ఈత రానివాడే ఎక్కువ నవ్వాడు!

బాబాయ్ చుక్కాని వదల్లేదు. ఆకాశం వంక కాదు, నీటి రంగు వంక చూస్తున్నాడు. పొద్దున ఫోన్ చూపించి "ఇవాళ వాన లేదు బాబాయ్" అంటే ఎందుకు నవ్వాడో అప్పుడర్థమైంది.

సఖినేటిపల్లి రేవుకొచ్చేసరికి మళ్లీ ఎండ. జంతికలు మెత్తబడిపోయాయి. అయినా తినేశాం.