క్యాప్ తీసేస్తే తుపాకి ఖాళీ అయినట్టేనా?

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ అయ్యాక జింకల వేటకి ఫ్లింట్‌లాక్ సీజన్ అని ఒకటి వస్తుంది, చెకుముకి రాయి రవ్వతో పేలే పాతకాలం తుపాకుల కోసం. ఈమధ్య మనవాళ్ళు కూడా కొందరు దీని గురించి అడుగుతున్నారు, గురి ఎలా కుదురుతుంది, మందు ఎంత పొయ్యాలి అని. కారులో ఎలా తీసుకెళ్ళాలని మాత్రం ఎవరూ అడగరు, అసలు తంటా అంతా అక్కడే.

మామూలు రైఫిల్ అయితే బోల్టు లాగితే తూటా బయటికొచ్చేస్తుంది. దీనికలా కాదు. మన ఏజెన్సీ ఊళ్ళల్లో నాటు తుపాకి చూసినవాళ్ళకి తెలుసు, మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించాక మళ్ళీ ఖాళీ చెయ్యాలంటే పేల్చడమే తేలిక. అందుకే చట్టం కాస్త వెసులుబాటు ఇచ్చింది: పెన్సిల్వేనియాలో క్యాప్ తుపాకికి క్యాప్ (సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) తీసేస్తే, ఫ్లింట్‌లాక్‌కి పాన్‌లో, అంటే రవ్వ పడే చిన్న గిన్నెలో, మందు తీసేస్తే, గొట్టంలో గుండు ఉన్నా సరే ఖాళీ కిందే లెక్క. చాలా రాష్ట్రాల్లో దాదాపు ఇదే పద్ధతి, కొన్నిచోట్ల మాత్రం తుపాకి దాని కేసులో (సంచిలోనో పెట్టెలోనో) పెట్టి మూసి కూడా ఉండాలి, కాబట్టి రాష్ట్రం దాటేముందు అక్కడి హంటింగ్ డైజెస్ట్, అంటే వేట నిబంధనల పుస్తకం, తిరగెయ్యండి.

ఇంకోటి, ఇక్కడ లోడ్ చేసిన తుపాకి కారులో ఉంటేనే కాదు, ఆగి ఉన్న కారుకి ఆనించినా తప్పే. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, తాళాలు వెతుక్కుంటూ బంపర్‌కి చేరేసేవాళ్ళని చాలామందిని చూశాను. నేనైతే చెట్ల మధ్య నుంచి రోడ్డు కనిపించగానే ఆగిపోతాను, మూతి ఖాళీ వైపు తిప్పి, పాన్ తెరిచి మందు దులిపేసి, గుడ్డతో తుడిచి, సుత్తి దించి, పాన్ నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్ళే రంధ్రంలో పుల్ల గుచ్చేస్తాను.

చట్టం ఒప్పుకుంది కదా అని గుండుతో ఇంటికి మాత్రం రాను. లోపల మందు ఉన్నంతవరకు ఒక్క రవ్వ చాలు. వేట టైమ్ అయిపోకముందే, ఇళ్ళకి దూరంగా, రాళ్ళు లేని మెత్తటి మట్టి గట్టులోకి పేల్చేస్తాను, ఒక గుండు పోతే పోయింది. గుండు దట్టించే కడ్డీ, ర్యామ్‌రాడ్, మీద రెండు గీతలుంటాయి, ఖాళీ గొట్టంలో ఎంత దిగుతుందో ఒకటి, గుండు ఉంటే ఎక్కడ ఆగుతుందో ఇంకోటి. రాడ్ వదిలితే ఖాళీ గొట్టం టంగుమంటుంది, అయినా చెవిని నమ్మను, గీతే చూస్తాను.

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి విమానంలో వెళ్ళేవాళ్ళకి వేరే టెన్షన్. తుపాకిని గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి చెక్-ఇన్‌లో పంపొచ్చు. తుపాకి మందు, దాని బదులు వాడే పైరోడెక్స్ లాంటివి, క్యాప్‌లు మాత్రం ఏ బ్యాగులోనూ పెట్టకూడదు. దిగాక కొనుక్కోవడమే, అది కూడా అన్ని షాపుల్లో దొరకదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

హెచ్1బీ వాళ్ళ సంగతి. ఫెడరల్ చట్టం ప్రకారం చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా మీరు తుపాకి దగ్గర పెట్టుకోకూడదు. మజిల్‌లోడర్‌ని, అంటే ఇలా మూతి నుంచి దట్టించే తుపాకిని, ఆ చట్టం మామూలుగా యాంటిక్ కింద వదిలేస్తుంది, కానీ బ్యారెల్ మార్చి మామూలు రైఫిల్‌గా వాడుకోగలిగే థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ లాంటివి అందులోకి రావు, పైగా రాష్ట్రాల నిర్వచనాలు వేరు. కొనేముందు లాయర్‌ని అడగండి, షాపులో అమ్మే మనిషిని కాదు.