పద్నాలుగో రోజు దాకా

నాకు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉందని నాలుగో ఏట చెమట పరీక్షలో తేలింది. ముద్దు పెట్టుకుంటే నా నుదురు ఉప్పగా తగులుతోందని నాయనమ్మ అంతకుముందు నుంచే అంటూ ఉండేదట. ఊపిరితిత్తుల్లో జిగురు చిక్కబడి, అందులో క్రిములు తిష్ఠ వేయడం ఈ జబ్బు స్వభావం కాబట్టి మా ఇంట్లో దగ్గు కొత్త కాదు. అయితే పదకొండో ఏట వచ్చిన దగ్గు వేరు. సాయంత్రానికల్లా జ్వరం వచ్చేది, మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. మా జిల్లాలోని ఒక ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి, సూక్ష్మదర్శినిలో ఎర్రటి కడ్డీల్లాంటి క్రిములు కనిపించగానే టీబీ మందులు మొదలుపెట్టారు.

రెండు నెలలు మాత్రలు మింగినా గుణం కనిపించలేదు. హైదరాబాదులో పిల్లల ఊపిరితిత్తుల వైద్యురాలు ఆ కాగితాలు చూసి, "ఎర్రగా కనిపించేవన్నీ టీబీ క్రిములు కావమ్మా" అని అమ్మతో చెప్పి, కళ్లెను టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షకూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపారు. సీబీనాట్‌లో టీబీ లేదని వచ్చింది. కల్చర్‌లో తేలిన క్రిమి పేరు మైకోబాక్టీరియం అబ్సెసస్. అది టీబీ క్రిమికి చుట్టమే గానీ మామూలు టీబీ మందులకు లొంగదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగుతుందో లేదో మూడు నాలుగు రోజులకే తేల్చేయకూడదని, ఈ జాతిలో కొన్నింటికి మందు తగిలాకే మేల్కొని దాన్ని ఎదిరించే జన్యువు ఉంటుందని, అందుకే పద్నాలుగో రోజు దాకా చూడాలని ఆవిడ వివరించారు. ఆ రెండు వారాలూ నాన్న రోజూ ల్యాబ్‌కు ఫోన్ చేసేవారు. నా క్రిమి పద్నాలుగో రోజునా లొంగింది.

నరం ద్వారా అమికాసిన్, ఇమిపెనెమ్, నోటి ద్వారా క్లారిత్రోమైసిన్ కోవకే చెందిన అజిత్రోమైసిన్, దాంతోపాటు క్లోఫాజిమిన్ ఇచ్చారు. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు రాగి రంగుకు తిరిగింది. బంధువులు అడిగినప్పుడల్లా అమ్మ ఓపిగ్గా చెప్పేది. అమికాసిన్ చెవులను దెబ్బతీస్తుంది కాబట్టి తరచూ వినికిడి పరీక్ష చేసేవారు. శబ్దం వినిపించగానే బొత్తాం నొక్కాలి. ఒకసారి నేను కళ్లు మూసుకొని ఎదురుచూస్తూనే ఉన్నాను. తెరిచి చూస్తే పరీక్ష చేసే అక్క అప్పటికే ఏదో రాసుకుంటోంది. ఆ మందును నరం ద్వారా ఇవ్వడం ఆపి, తర్వాత నెబ్యులైజర్‌లో ఇచ్చారు. మందులెన్ని ఉన్నా జిగురు బయటికి రాకపోతే లాభం లేదని, అమ్మ అరచేయి దొప్పలా వంచి ఉదయం సాయంత్రం నా వీపు తట్టేది.

కళ్లెలో క్రిమి కనిపించకుండా పోయాక కూడా ఏడాది పాటు మందులు వాడాను. అసలు జబ్బు నాతోనే ఉంది, నెబ్యులైజరూ ఉంది. తగ్గిన బరువు తిరిగి వచ్చింది, ఒంటి రంగు నెలల మీద మామూలైంది. కుడి చెవికి మాత్రం కీచురాళ్ల రొద ఇప్పటికీ అందదు.