చూపించేది దేవుడికి, పోసేది నేలకు

"తాగాల్సిన మందు నేలపాలు చేస్తున్నారు!" ఆఫ్రికాలోని ఘనాలో పూర్వీకుల పేర మందు నేలకు వదులుతుంటే, నా పక్కన నిలబడి మనవాడే ఒకరు ఇలా నవ్వినప్పుడు మనసు చివుక్కుమంది. మహాలయ పక్షంలో నువ్వులూ నీళ్ళూ వదిలే చేతులు మనవి. ఆ మాట మన నోట రావచ్చా?

ఆ దేశంలోని కుమాసి నగరంలో నేను అద్దెకున్న ఇంటి యజమాని అసాంటే జాతి పెద్దాయన, వాళ్ళ వంశానికి అబుసుఆపనిన్, అంటే వంశపెద్ద. ఆవేళ అక్వాసిదై. 42 రోజులకోసారి వచ్చే ఆ ఆదివారం పూర్వీకులది. పొద్దున్నే చెప్పులు విడిచి, భుజం మీది వస్త్రం కిందికి జార్చాడు, మనం గర్భగుడి ముందు ఉత్తరీయం నడుముకు చుట్టుకున్నట్టు. చేతిలో గ్లాసు. పూర్వం కల్లు పోసేవారు, ఇప్పుడు ఎక్కువగా ష్నాప్స్ అనే డచ్చి సారా. గ్లాసు ఆకాశంకేసి ఎత్తి, మొదట పరమాత్మను పిలిచి అన్న మాట ఇది: "ఓన్యాంకొపోన్, నీకు చూపిస్తున్నాం, ఇవ్వడం లేదు." ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

ఆ మాట ఎన్ని రోజులు నన్ను వదల్లేదో! పరమాత్మకు లోటేముందని పోస్తాం? మా అమ్మ పులిహోర దింపగానే "దేవుడికి చూపించి తినండిరా" అనేది. చూపించడమే. ఆయన ఎదుట పెట్టి, ఆయన సాక్షిగా పంచుకోవడమే. ఎక్కడి కుమాసి, ఎక్కడి మా వంటిల్లు! ఆ దేవుడికే ట్వెరెడుయాంపోన్ అని ఇంకో పేరు, ఆనుకుంటే పడనివ్వనివాడని.

అప్పుడు వంచాడు గ్లాసు. తొలి చుక్కలు భూమాత అససే యాకు. యా అంటే గురువారం పుట్టిన ఆడపిల్ల. అందుకే అసాంటేలు గురువారం నాడు నేల తవ్వరు. ఆ తర్వాత న్సమన్‌ఫో, పితృదేవతలు. ఇక్కడ పెద్దాయన అసలు తొందరపడలేదు. వాళ్ళది తల్లి వంశం, కాబట్టి అమ్మమ్మలూ మేనమామలూ వస్తారు. ఒక్కో పేరు, ఒక్కో ధార. పేరు పలికి ఆగుతాడు, అవతలివాళ్ళు గుటక వేసేదాకా ఆగినట్టు. ఎర్రమట్టి మీద చిన్న బుడగలు లేచి ఇంకిపోయేవి. చుట్టూ ఉన్నవాళ్ళు ప్రతి పేరుకీ గొంతు కలిపారు.

అంతా అయ్యాక నావైపు తిరిగి, "మీవాళ్ళ పేర్లేమిటి?" అన్నాడు. నాన్న పేరు చెప్పాను, తాతయ్య పేరు చెప్పాను. ముత్తాత దగ్గర ఆగిపోయాను. ప్రతి అమావాస్యకూ ఆఫీసుకు టైమైపోతోందని ఫోన్లో రాసిపెట్టుకున్న పేర్లు చూసి గబగబా "తర్పయామి" అనేసేవాణ్ణి. వసు రుద్ర ఆదిత్య రూపులు ముగ్గురినీ అయిదు నిమిషాల్లో సాగనంపేవాణ్ణి. కడుపు నింపాల్సిన వాళ్ళ పేరే నోటికి రాకపోతే అది తర్పణమెలా అవుతుంది?

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ఆ పేర్లు అడిగి తెలుసుకోండి. నీళ్ళు వదిలేటప్పుడు ఒక్కొక్కరి దగ్గరా ఆగండి. వాళ్ళెక్కడికీ పోరు, మనమే పరిగెడుతున్నాం.

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. తన అమ్మమ్మ పేరు చెప్పి, అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.