గొల్గొతా కింది గది

యేసు సిలువ మోసుకెళ్లిన దారిగా చెప్పుకునే వియా డొలొరోసాలో కన్నీళ్లు పెట్టుకుందామని వెళ్లినవాళ్లకు ముందు దొరికేది తోపులాట. యెరూషలేము పాత పట్టణంలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్కన్ సన్యాసులు సిలువ మార్గం ప్రార్థన నడిపిస్తారు. మా బృందం వాళ్ల వెనకే కదిలింది. ముందు లాటిన్‌లో ప్రార్థన, పక్కన తోపుడుబండి కుర్రాడి కేకలు, ఇరువైపులా కొట్లు, కొట్ల గుమ్మాలకు దండల్లా వేలాడే ముళ్లకిరీటాలు. మాలో కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గోల సబబుగానే తోచింది. పస్కా పండగకు కిక్కిరిసిన ఊళ్లో ఒక దోషిని ఊరి బయటికి నడిపిస్తుంటే అందరూ పని మానుకుని చూసి ఉంటారా? చాలామందికి అది దారికి అడ్డమే అయ్యుంటుంది. పల్లెటూరి నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోను సంగతే చూడండి, తన దారిన తాను పోతుంటే పట్టుకుని సిలువ మోయించారు.

ఈ మార్గంలో ఆగి ప్రార్థన చేసే స్థలాలు 14. అందులో మూడుసార్లు పడిపోవడం, వెరోనికా ముఖం తుడవడం సువార్తల్లో లేవు. రోమా అధిపతి పిలాతు "ఇదిగో ఈ మనుష్యుడు" అని యేసును చూపించాడని చెప్పుకునే కమాను హద్రియను చక్రవర్తి కాలానిది, అంటే 2వ శతాబ్దానిది. మా గైడు ఇవేవీ దాచలేదు. దాచి ఉంటేనే నాకు అనుమానం వచ్చేది.

చివరి ఐదు స్థలాలు, యేసు సమాధి ఉందని చెప్పుకునే పవిత్ర సమాధి చర్చి లోపల ఉన్నాయి. 335లో ప్రతిష్ఠించిన చర్చి, 1009లో ఫాతిమీ ఖలీఫా అల్ హకీమ్ కూలగొట్టించాక మళ్లీ లేచింది. ఇప్పుడు దాన్ని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటున్నాయి. తలుపు తాళం బాధ్యత తరతరాలుగా రెండు ముస్లిం కుటుంబాలది. గుమ్మం పైన కిటికీ కింద ఒక కొయ్య నిచ్చెన ఉంది. అందరూ ఒప్పుకుంటే తప్ప దాన్ని కదపకూడదట, అందుకని అలాగే ఉండిపోయింది. 2008లో ఇక్కడే గ్రీకు, అర్మీనియా సన్యాసులు కొట్టుకుంటే పోలీసులు రావాల్సి వచ్చింది. క్షమాపణ గురించి ప్రసంగం రాసుకునేవాళ్లకు ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు, అందుకే నేను దాన్ని వాడను.

లోపలికి అడుగుపెట్టగానే కుడివైపు నిటారు మెట్లు. ఎక్కితే గొల్గొతా. గ్రీకుల పీఠం కింద వెండి చట్రం, దాని మధ్యలో రంధ్రం. సిలువ నిలబెట్టింది అక్కడేనని సంప్రదాయం. మోకాళ్ల మీద పీఠం కిందికి దూరి, రంధ్రంలో చెయ్యి పెడితే రాయి తగులుతుంది. చల్లగా, నున్నగా, చేతుల చెమటకో ఏమో కాస్త జిడ్డుగా కూడా ఉంది. వెనక వరుస తొందరపెడుతుంటే ప్రార్థన నోటికి రాలేదు. లేచి పక్కకు తప్పుకున్నాను.

యాత్రికులు చాలామంది ఇక్కడి నుంచే సమాధి వైపు పరుగు తీస్తారు. కిందికి దిగి, ఆ బండకు సరిగ్గా అడుగున ఉన్న ఆదాము ప్రార్థనా మందిరంలోకి వెళ్లేవాళ్లు తక్కువ. చిన్న గది, వెలుతురు అంతంతమాత్రం. గోడలో అద్దం వెనక బండ, ఆ బండలో పైనుంచి కిందికి దిగిన చీలిక. ఆదామును ఇక్కడ పాతిపెట్టారనే నమ్మకం 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెను నాటికే ఉంది. యేసు రక్తం ఈ చీలికగుండా జారి మొదటి మనిషి పుర్రె మీద పడిందంటారు. పాత సిలువ చిత్రాల్లో సిలువ అడుగున కనబడే పుర్రె అదే. ఇది చరిత్రా అంటే నేను కాదనే అంటాను. కానీ పౌలు రోమా పత్రిక 5వ అధ్యాయంలో ఆదామునూ క్రీస్తునూ పక్కపక్కన పెట్టి చెప్పిన వాదాన్ని ఎవరో రాతిలో చూపించినట్టు ఉంది ఆ గది. ఆ ప్రదేశం ఒకప్పుడు రాళ్ల క్వారీ. పగుళ్లున్న రాయి పనికిరాదని ఈ బండను కొట్టకుండా వదిలేశారని చెబుతారు. "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి" అన్న కీర్తన గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

మా బృందంలో పెద్దవారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"అమ్మా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. క్షమించేది దేవుడే కదా. ఒక్క మాటతో పోయేదానికి ఇంత రక్తం ఎందుకు?"

"రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అని హెబ్రీ పత్రిక మాట ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వాక్యం నాకూ వచ్చమ్మా. ఎందుకు అనే అడుగుతున్నాను."

మత్తయి 18లో రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడి కథతో మళ్లీ మొదలుపెట్టాను. లెక్క ఆయనే కట్టారు. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి, అంటే మొత్తం 6 కోట్ల రోజుల కూలి. "రాజు పోనీలే అన్నాక ఆ సొమ్ము ఏమైంది మాస్టారూ?" అన్నాను. "ఏమవుతుంది, రాజు నష్టపోయాడు" అన్నారు వెంటనే. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

నాకు తెలిసినంతలో సిలువ బోధ గుండెకాయ అదే. పాపాన్ని క్షమించడమంటే అది జరగనట్టు నటించడం కాదు, దాని నష్టాన్ని క్షమించేవాడే నెత్తిన వేసుకోవడం. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్ము అనే వేదాంతి దాన్ని దేవుని ఘనతకు చెల్లించిన పరిహారమన్నాడు. ప్రొటెస్టెంటు సంస్కరణకర్తలు మన శిక్షను ఆయన భరించాడన్నారు. పైన పీఠం దగ్గరి గ్రీకు సన్యాసిని అడిగితే ముందు మరణం మీద గెలుపు గురించి చెబుతాడేమో. మాస్టారికి మాత్రం రాజు ఖజానాయే నచ్చింది.

ఆ నష్టం ఎలాంటిదో అంతకు ముందు ఇశ్రాయేలు మ్యూజియంలో చూశాం. 1968లో యెరూషలేము ఈశాన్యాన ఒక సమాధిలో ఎముకల పెట్టె దొరికింది, దాని మీద యెహోహానాన్ అని పేరు, సిలువ వేసి చంపిన మనిషిది. మడమ ఎముకలో ఇనుప మేకు అలాగే ఉంది. కొస వంకర తిరగడంతో పీకలేకపోయారని పరిశోధకుల అభిప్రాయం. మేం చూసింది నమూనానే అయినా, అప్పటిదాకా గబగబా నడుస్తున్నవాళ్లందరం ఆ పెట్టె దగ్గర ఆగిపోయాం.

ఆ రాత్రి బసలో ప్రార్థన కూడికలో "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అనే లూకా వచనం చదువుకున్నాం. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఈ మాట లేదు. ఎవరో లేఖకుడు ఇంత క్షమాపణ జీర్ణం కాక వదిలేశాడేమోనని కొందరు పండితుల ఊహ. పాస్టరు గారు ఇంకా ముగించకముందే ఒక అక్క లేచి అడిగింది. "నా స్థలం కలిపేసుకున్నవాడు ఇప్పటికీ తప్పని ఒప్పుకోలేదు. వాణ్ని కూడా క్షమించాలా?"

తలా ఒక మాట అన్నారు. ఒకరు ఈ వచనాన్నే చూపించారు. ఇంకొకరు లూకా 17 తీసి "అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము" అని చదివారు. అంటే షరతు ఉందన్నమాట. నాకు తోచింది నేనూ చెప్పాను. యేసు ఆ ప్రార్థన చేసినప్పుడు పక్కన సిలువల మీదున్న ఇద్దరు దొంగలూ వినిపించేంత దూరంలోనే ఉన్నారు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట మాత్రం అడిగినవాడికే దక్కింది. వాడు తిరిగి ఇచ్చుకునే స్థితిలో లేడు, చేతులకు మేకులున్నాయి. కాబట్టి మన వైపు తలుపు ముందే తీసి ఉంచాలి, సమాధానపడటం మాత్రం అవతలివాడు గుమ్మం దాకా వస్తేనే.

అక్క కాసేపు ఆలోచించింది. "సరే, వాడి కోసం ప్రార్థన మొదలుపెడతాను. కోర్టు కేసు మాత్రం వెనక్కి తీసుకోను."

"అది వేరే లెక్కమ్మా" అన్నారు మాస్టారు. పాస్టరు గారు నవ్వారు గానీ, కాదని అనలేదు.