కొత్త ప్యాడ్లు వేసినా కీచుమన్న బండి

మా టెంట్ హౌస్‌కి ఉన్నది ఒకే బండి, పికప్. హైదరాబాద్ సీతాఫల్‌మండిలో మా గల్లీ మలుపు దగ్గర నేను బ్రేక్ తొక్కితే లోపల మా అమ్మ టీ పెట్టేది. హారన్ కొట్టాల్సిన పని లేదు. "పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుందేంట్రా నీ బండి" అని రోజూ అనేది. నేనూ రోజూ నవ్వి ఊరుకునేవాణ్ని.

ఊరుకోలేక ఒకరోజు, ఎండాకాలం మొదట్లో, రోడ్డు పక్కన కనిపించిన షాపులో ఆపాను. చక్రం విప్పకముందే "ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు పోయాయన్నా" అన్నాడు మెకానిక్. పదహారు వందలు, ముప్పావుగంట. పాత ప్యాడ్లు ఎలా ఉన్నాయో చూపించమని నేను అడగలేదు. అది నా బుద్ధితక్కువ. అప్పుడు వాటిని చేతిలోకి తీసుకుని చూసుంటే అసలు జబ్బు ఆ రోజే బయటపడేది.

రెండు వారాలు హాయిగా ఉంది. మళ్లీ మొదలైంది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గానీ మాకు తీరిక ఉండదు, బోనాలు కదా. గల్లీకో షామియానా. ఇనప పైపులు, కుర్చీలు, గుండిగలు ఎక్కించుకుంటే ఆ గలగలలో బ్రేకు చప్పుడు వినపడదు. ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడే గోల. దాంతో "లోడుంటే చప్పుడు రాదు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి వస్తూనే ఉంది, నాకు వినపడలేదు, అంతే.

ఈసారి డబ్బులు తీసేముందు చెవులు పెట్టి వినాలనుకున్నాను. బిల్లు పుస్తకం వెనక పేజీలో ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకున్నాను. పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి గర్‌మని వచ్చి ఆగిపోతోంది. అది రాత్రి వానకి, చక్రంతో పాటు తిరిగే డిస్కు మీద పట్టిన తుప్పు, ప్యాడ్లు గీకేస్తే పోతుంది, దానికి భయం లేదు. స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమంటోంది. అది వేరే సంగతి, తర్వాత తెలిసింది. అసలు కీచు మాత్రం బండి వేడెక్కాకే. బంజారాహిల్స్ రోడ్డు నంబరు 12 దిగి వచ్చాక మొదలై, ఇంటిదాకా వదలదు. బ్రేకు మీంచి కాలు తీశాక కూడా సన్నగా సాగుతోంది. ఈ చివరి మాట రాసుకున్నప్పుడే అనుమానం వచ్చింది. తొక్కనప్పుడు కూడా అరుస్తోందంటే ప్యాడ్ డిస్కుని వదలడం లేదన్నమాట.

ఇంటికి రాగానే అరచెయ్యి తిప్పి, వెనక వైపుని ఒక్కో రిమ్ము దగ్గర పెట్టి చూశాను, తగలకుండా. ఎడమ ముందు చక్రం దగ్గర పొయ్యి సెగ. కుడివైపు గోరువెచ్చగా ఉంది. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి జాకీ మీద లేపి చేత్తో తిప్పాను. కుడిది రెండు చుట్లు తిరిగింది. ఎడమది పావు చుట్టుకే ఆగింది.

రాణిగంజ్‌లో విడిభాగాల షాపుల వెనక ఒక ముసలి ఉస్తాద్ ఉన్నాడు. మా నాన్న కాలం నుంచి తెలుసు. నేను రాసిన పేజీ చదివి వినిపిస్తే, "సగం పని నువ్వే చేసుకొచ్చినవ్ బేటా" అన్నాడు. చక్రం విప్పి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ తీశాడు. దాన్ని బ్రేక్ పైపుకి వేలాడేయకూడదని నాకు తెలుసు. పైపు లోపల తెగితే బయటికి కనపడదు. కట్టడానికి వైరు దొరక్కపోతే బండిలోంచి షామియానా తాడు తీసిచ్చాను. నవ్వాడు గానీ దాంతోనే కట్టాడు.

ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టాడు. ఎండాకాలంలో వేసినవే. బయటిది దాదాపు కొత్తది. లోపలిది అరిగి రెండు మిల్లీమీటర్లు మిగిలింది. మూడుకి వచ్చినప్పుడే మార్చెయ్యాలి. మా బండి కాలిపర్‌లో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నెడుతుంది. తర్వాత కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. కింది పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, వాన నీళ్లు పోయి, తుప్పుతో బిగుసుకుపోయింది. జారడం మానేసింది. పాపం లోపలి ప్యాడ్ ఒక్కటే ఆ చక్రాన్ని ఆపుతూ వచ్చింది. ఆ స్థితిలో ఎన్ని కొత్త ప్యాడ్లు వేసినా రెండు వారాల ముచ్చటే.

పిన్నుని ఎమ్రీ పేపర్‌తో రుద్ది, తొడుగు కొత్తది వేసి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు రాశాడు. మామూలు గ్రీజు ఆ రబ్బరుని ఉబ్బిస్తుందట. పిస్టన్‌ని వెనక్కి నొక్కేముందు డబ్బాలోంచి కాస్త బ్రేక్ ఆయిల్ సిరంజితో తీసేశాడు, లేకపోతే పొంగి పెయింట్ పాడుచేస్తుంది. డిస్కు మందం వెర్నియర్‌తో కొలిచాడు. ఇంతకంటే తగ్గకూడదని అంచు మీదే అచ్చు కొట్టి ఉంటుంది. మాది ఇంకా పైనే ఉంది, గీతలు కూడా లోతు లేవు. అదృష్టం. స్పీడ్ బ్రేకర్ల మీద టక్కు ఎందుకంటే, ఆ రోడ్డు పక్క షాపువాడు ప్యాడ్లని పట్టి ఉంచే క్లిప్పులే వెయ్యలేదు. పాతవి పారేసి ఉంటాడు. నాకు అన్నిటికంటే మండింది దానికే.

కుడివైపు పిన్నులు కూడా విప్పి శుభ్రం చేయించాను. రెండువైపులా కొత్త ప్యాడ్లు. ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది.

మర్నాడు తెల్లవారుజామున ఖాళీ బండితో కండ్లకోయ దాకా వెళ్లి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, యాభై నుంచి పదికి మెల్లగా తగ్గిస్తూ ఒక పదిసార్లు తొక్కాను. మధ్యలో కాస్త దూరం నడిపి చల్లారనిచ్చాను. పూర్తిగా ఆపొద్దని ఉస్తాద్ మరీ మరీ చెప్పాడు. కొత్త ప్యాడ్ డిస్కుకి సమంగా అలవాటు పడాలట. ఇలా చెయ్యకపోతే ప్యాడ్ పైన గాజులా మెరుపు తేలి, మళ్లీ కీచు మొదలవుతుందట.

ఇప్పుడు ముందు చక్రాలు గప్‌చుప్. రివర్స్‌లో వెనక కుడి చక్రం బ్రేక్ డ్రమ్ము మాత్రం సన్నగా మూలుగుతోంది. విప్పి చూస్తే, అక్కడ ప్యాడ్ల పని చేసే లైనర్లు బాగానే ఉన్నాయి, డ్రమ్ము అంచు దగ్గర గట్టులా లేచింది. లాల్ దర్వాజా బోనాలు అయ్యాక లేత్‌కి ఇస్తాను. ఈలోపు గల్లీ మలుపు దగ్గర హారన్ కొడుతున్నాను, లేకపోతే టీ ఆలస్యమవుతోంది.